చిగుళ్ల పట్టు

ఖలందర్ నంద్యాలకు వచ్చింది వైద్యం చేయించుకోవడానికి కాదు, పళ్ళు పీకించుకోవడానికి. క్లినిక్‌లో కుర్చీ ఎక్కి తల వెనక్కి వాల్చకముందే ఆ మాట మేనకోడలికి చెప్పేశాడు.

"పైన ముందర ఉండేటివన్నీ పీకేయ్ పాపా. నువ్వయితే నొప్పి తెలీకుండా పీకుతావని ఈడికి వచ్చినా. కొత్తవి పెట్టేదానికి ఇంకోచోట మాట్లాడుకున్నా."

ముబశ్శిరా ఒక చేతికి గ్లవ్ తొడుక్కుని రెండోది తొడుక్కోబోతూ ఆగిపోయింది. మామ మొహంలో వేళాకోళం లేదు. గడ్డం నున్నగా గీసుకుని, పెళ్ళిళ్ళకు పోయేటప్పుడు వేసుకునే తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. పక్కన స్టూలు మీద అత్త సర్దార్‌బీ ఒళ్ళో సంచి పెట్టుకుని, గోడ మీదున్న దవడ బొమ్మ వైపు చూడకుండా కూర్చుంది.

ముబశ్శిరాకు ఖలందర్ మేనమామ అని ఊరుకుంటే సరిపోదు. ఆమె నాయన షాకీర్ శ్రీశైలం డ్యామ్‌లో మెకానిక్. సున్నిపెంట క్వార్టర్స్‌లో కాపురం. తల్లి షాహీదా మంచాన పడిన ఏడు, మూడో తరగతి చదువుతున్న పిల్లను ఆళ్లగడ్డలో అన్న ఇంట్లో వదిలారు. తల్లికి నయమైనా పిల్ల తిరిగి పోలేదు. పదో తరగతి దాకా ఆ ఇంట్లోనే పెరిగింది. తెల్లారి మామ క్లారినెట్ సాధన చేస్తుంటే ఆ చప్పుడుకే నిద్ర లేచేది. ఆళ్లగడ్డ, శిరివెళ్ల, చాగలమర్రి చుట్టుపక్కల ఊరేగింపు అంటే సుందరరాజు బ్యాండే పలకాలి. ఆ బ్యాండులో ఎంతమంది మారినా క్లారినెట్ మాత్రం ఖలందర్‌దే. పీర్ల పండక్కీ ఆయనే, క్రిస్మస్‌కు చర్చి ముందరా ఆయనే.

అలాంటి మనిషికి పోయిన నెల గడివేముల పెళ్ళిలో అవమానం జరిగింది. క్లారినెట్ ఊదేవాడు మౌత్‌పీస్‌ని పై పళ్ళకు ఆనించి పట్టుకోవాలి. పెళ్ళికొడుకు కారు ముందు నిలబడి పై స్వరం ఎత్తేసరికి, ఆనిన చోట పళ్ళు ముందుకు జరిగాయి. క్లారినెట్ కీచుమంది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ కీచుమంది. ముందర ఎగురుతున్నవాళ్ళు ఆగి నవ్వారు. ఆ నవ్వు ఆయన చెవుల్లోంచి పోలేదని సర్దార్‌బీ మెల్లగా చెప్పింది.

ముబశ్శిరా రెండో గ్లవ్ తొడుక్కుంది. కొనన మిల్లీమీటర్ల గీతలున్న సన్నటి కడ్డీ తీసుకుని, పంటికీ చిగురుకీ మధ్య సందులోకి దించుతూ పోయింది. ఆరోగ్యంగా ఉన్న చిగురయితే రెండు మూడు గీతల దగ్గర కడ్డీ ఆగిపోతుంది. మామ నోట్లో అది ఆరు దాకా, ఏడు దాకా దిగింది. ఎడమవైపు ముందరి పళ్ళ పక్కనున్న పన్ను దగ్గర తొమ్మిది. దించిన ప్రతిచోటా నెత్తురు ఊరింది. అంకెలు ఎక్కించుకుంటున్న నర్సు వాణి, తొమ్మిది అన్నప్పుడు సరిగా విన్నానా అన్నట్టు తలెత్తి చూసింది.

ఎక్స్‌రేలో ఇంకా స్పష్టంగా కనపడింది. ఏళ్ళ తరబడి పాచి గట్టిపడి గారగా మారి, చిగురు కిందికి పాకింది. దానితో పోరాడీ పోరాడీ ఒళ్ళే తన ఎముకను కరిగించుకుంది. ముందరి రెండు పళ్ళకు సగం ఎముక మిగిలింది. ఆ తొమ్మిది గీతల పంటికి వేరు చివర మాత్రమే లోపల ఉంది. పైగా షుగరు. మూడు నెలల షుగర్ పరీక్షలో తొమ్మిది శాతం దాటింది. రోజూ ఒక కట్ట బీడీలు.

ముబశ్శిరా మామను లేపి ఎదురుగా కూర్చోబెట్టుకుని, పీకనక్కరలేదని చెప్పింది. చిగురు కింద లోతుగా శుభ్రం చేస్తే వాపు తగ్గి, చిగురు మళ్ళీ పంటిని పట్టుకునే అవకాశం ఉందంది. పళ్ళన్నీ తీసేసి ఎముకలో స్క్రూలు బిగించి కొత్తవి పెట్టినా, షుగరు ఇంతుండి, బీడీ మానకపోతే అదే జబ్బు ఆ స్క్రూల చుట్టూ కూడా వచ్చే ప్రమాదం ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయంది.

ఖలందర్ వినలేదు. క్లీనింగ్ చేయిస్తే ఉన్న పళ్ళు కూడా వదులవుతాయని ఆళ్లగడ్డలో అందరికీ తెలుసన్నాడు. డ్రమ్ము కొట్టే ఏసయ్య సంగతే చూడమన్నాడు. శుభ్రం చేయించుకున్న ఏడాదికే ఏసయ్యకు రెండు పళ్ళు ఊడిపోయాయి. అప్పటికే వదులైన పళ్ళను గార సిమెంటులా అతికించి ఉంచుతుందనీ, అది తీస్తే లోపలి సంగతి బయటపడుతుందనీ ముబశ్శిరా చెప్పింది. ఆ మాట చెబుతున్నప్పుడే, ఇది మామకు ధైర్యం చెప్పే మాట కాదని ఆమెకు తెలిసిపోయింది.

"పీకేది ఎప్పుడైనా పీకొచ్చు మామా. పీకినాక మళ్ళీ పెట్టేదానికి నాకు చేతకాదు. మూడు నెలలు ఇయ్యి."

"మూడు నెల్లకు గట్టిపడతాయని రాసిస్తావా?"

వేరే ఎవరైనా అడిగితే, చాలామందికి బాగవుతుందండీ అని ముబశ్శిరా నవ్వుతూ అనేది. ఎదురుగా ఉన్నది మామ.

"రాసియ్యలేను."

సర్దార్‌బీ సంచి భుజానికి వేసుకుని లేచి నిలబడింది. "ఇస్తాంలే మూడు నెలలు. ఆ పెద్దాసుపత్రి ఆయప్ప అన్నిటికీ ఊ అన్న్యాడు. ఈ పిల్ల లేదని చెప్పింది. నాకు ఇదే బాగుంది," అంది. ఖలందర్ భార్య వైపు కోపంగా చూశాడు కానీ కాదనలేదు.

వాళ్ళు బస్సెక్కిపోయాక ముబశ్శిరాకు తన మాట మీద తనకే నమ్మకం చాలలేదు. ఆదివారం మధ్యాహ్నం ఖాళీ క్లినిక్‌లో కూర్చుని, పీజీలో చదివినవన్నీ మళ్ళీ తిరగేసింది. అవేం తెలియనివి కావు. లోతైన సందుల్ని శుభ్రం చేస్తే సగటున రెండు మిల్లీమీటర్ల దాకా లోతు తగ్గుతుంది. చేతి పనిముట్టుతో గీకినా, మిషన్‌తో చేసినా ఫలితంలో పెద్ద తేడా లేదు. లేజర్ వల్ల అదనంగా ఒరిగేది ఉందని గట్టిగా చెప్పే ఆధారం లేదు. యాంటీబయాటిక్ మాత్రలు తోడిస్తే కొంత మేలు కనపడింది కానీ, అందరికీ ఇవ్వదగినంత కాదు. బీడీ, సిగరెట్ తాగేవాళ్ళకు తక్కువగా మానుతుంది. చిగుళ్ళు బాగుపడితే షుగరు కూడా అర శాతం లోపు తగ్గవచ్చు.

ఎన్ని చదివినా ఆమెకు కావలసింది మాత్రం దొరకలేదు. రోజూ గంటల తరబడి పై పళ్ళ మీద క్లారినెట్ ఆనించే మనిషికి ఏమవుతుందో ఎవరూ పరిశోధించినట్టు లేదు. గాలివాద్యాల వాళ్ళ గురించి ఒకటి రెండు చిన్న వ్యాసాలు దొరికాయి. వాటిలోనూ ఒకరిద్దరు రోగుల కథలే.

చివరికి పీజీలో తనకు పాఠం చెప్పిన అరుణకుమారి మేడంకు ఫోన్ చేసింది. మేడం అన్నీ విని, వైద్యం సరైనదే, అయితే ఆ తొమ్మిది పన్ను సంగతి ఆలోచించుకోమంది. అది నిలబడదనే తన అభిప్రాయమంది. మాత్రలు ఇప్పుడే వద్దు, ముందు చేత్తో చేయగలిగింది చెయ్యమంది. ఫోన్ పెట్టేసేముందు ఒక మాట అడిగింది.

"సగటు అనే మనిషి ఎప్పుడైనా నీ కుర్చీలో వచ్చి కూర్చున్నాడా ముబశ్శిరా?"

"లేదు మేడం."

"మరి ఆయనకు సగటు లెక్క చెప్పొద్దు. జాగ్రత్తగా చెయ్యి, జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండు. అంతకన్నా మన చేతిలో లేదు."

తొమ్మిది పంటిని వైద్యం మొదలుపెట్టే రోజే తీసేయాలని ముబశ్శిరా అనుకుంది. తీరా మామ కుర్చీలో పడుకుని, మత్తు సూదికి కళ్ళు గట్టిగా మూసుకుని, చొక్కా అంచు పిడికిట్లో పట్టుకున్నప్పుడు ఆమెకు చెయ్యి రాలేదు. ఉంచి చూద్దాం అనుకుంది. రెండు దఫాలుగా నోరంతా శుభ్రం చేసింది. చిగురు కింది నుంచి నల్లటి గార పెచ్చులు పెచ్చులుగా వచ్చింది. వాణి పట్టుకున్న గొట్టంలోంచి ఎర్రటి నీళ్ళు పోతూనే ఉన్నాయి. అయ్యాక పళ్ళ సందుల్లో దూర్చి తోమే చిన్న బ్రష్షులిచ్చి, అద్దం ముందు నిలబెట్టి నేర్పింది. పళ్ళను వేలితో కదిపి చూడొద్దని గట్టిగా చెప్పింది. బీడీ విషయం ఆమె అడగకముందే ఖలందర్ జేబులోంచి కట్ట తీసి భార్య చేతిలో పెట్టాడు.

మొదటి పది పన్నెండు రోజులూ మంచి మాటలే వినపడ్డాయి. పొద్దున్నే దిండు మీద నెత్తురు మరకలు పడటం లేదని సర్దార్‌బీ ఫోన్‌లో సంతోషపడింది. ఆ తర్వాత గొంతు మారింది. వాపు తగ్గేకొద్దీ చిగురు పైకి జరిగి, పళ్ళు పొడుగ్గా కనపడుతున్నాయి. వాటి మధ్య నల్లటి సందులు తేలాయి. చల్లటి నీళ్ళు తాగితే జివ్వుమంటున్నాయి. ఇదంతా మామూలేననీ, వాపు పోతే అలాగే ఉంటుందనీ ముబశ్శిరా ముందే చెప్పింది. చెప్పినదే జరుగుతోంది. అయినా ఫోన్ మోగి అత్త పేరు కనపడగానే ఆమె చేతిలో పని వదిలేసి ఎత్తేది.

ఒక రోజు ఖలందర్ క్లారినెట్ తీసి ఊదబోయాడట. పళ్ళ సందుల్లోంచి గాలి బుసబుసమని పోయిందట. పెట్టెలో పెట్టి మూత వేసేశాడు. ఆ వారంలో ఉన్న పెళ్ళికి సుందరరాజు కోవెలకుంట్ల నుంచి శాక్సోఫోన్ వాయించే సురేష్‌ను పిలిపించుకున్నాడు. ఆ తర్వాత పెళ్ళికీ ఆయన్నే పిలిపించుకున్నాడు. సర్దార్‌బీ ఫోన్‌లో ఈ సంగతులన్నీ చెప్పింది. తర్వాత, "నిన్ను అనడం ల్యా పాపా. ఈయప్ప అన్నం సరిగా తినడం ల్యా, అంతే," అంది.

ఆదివారం ముబశ్శిరా ఆళ్లగడ్డ పోయింది. బస్సు దిగి నడుస్తుంటే దారి పొడుగునా శిల్పుల షెడ్లలో ఉలి దెబ్బలు టంగుటంగుమంటున్నాయి. మామ వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆమెను చూసి నవ్వబోయి, పై పెదవి కిందికి లాక్కుని పళ్ళు దాచుకున్నాడు. చిన్నప్పటి నుంచీ నోరంతా తెరిచి నవ్వే మనిషి ఆయన. ముబశ్శిరా చూపు తిప్పుకుంది.

నోరు తెరిపించి సెల్‌ఫోన్ లైటు వేసి చూసింది. చిగుళ్ళు లేత గులాబీ రంగుకు తిరిగాయి. పాచి ఎక్కడా లేదు. అద్దం ముందు నేర్పినదంతా ఆయన తు.చ. తప్పకుండా చేస్తున్నాడు. కడ్డీ దించి కొలవాలని ఆమె ప్రాణం కొట్టుకుంది. కొలవకూడదు. మూడు నెలలు కాకముందే కొలిస్తే, అప్పుడే అతుక్కుంటున్న చిగురును మళ్ళీ ఊడదీసినట్టవుతుంది. లోపల మానుతోందో, చీముపడుతోందో తెలియకపోయినా ఓపిక పట్టడమే ఇప్పుడు ఆమె చేయవలసిన వైద్యం. చదువుకునే రోజుల్లో అది పరీక్షలో రాసే ఒక వాక్యం.

"పొద్దున లేస్తానే నాలికతో ఒక్కో పన్నూ తోసి చూస్తాండా పాపా," అన్నాడు ఖలందర్, అత్త లోపలికి పోయాక. "తోయొద్దు అన్న్యావు. చెయ్యయితే ఆగుతాది. నాలిక ఆగడం ల్యా."

"కదుల్తాండాయా?"

"ఒకరోజు కదిలినట్ల ఉంటాది. ఒకరోజు లేనట్ల ఉంటాది. నాకేం తెలుస్తాది."

ఆమెకూ తెలియదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని తనూ నాలికతో తన పళ్ళను తోసి చూసుకుంటోందని శిరివెళ్ల దాటాక గమనించింది.

ఇంకో నెల గడిచింది. ఒక ఉదయం క్లినిక్ నిండా జనం ఉండగా సర్దార్‌బీ ఫోన్ చేసింది. ముందు రోజు నుంచి ఖలందర్ పై పెదవి ఎడమవైపు వాచింది. రాత్రంతా సలుపు, తెల్లారేసరికి జ్వరం. నంద్యాల బస్సెక్కాడు.

"మంచిదే అత్తా, నేను ఈడనే ఉంటా."

"నీ కాడికి కాదు పాపా. పళ్ళు పెట్టే ఆ ఆసుపత్రికి పోయినాడు. అన్నీ పీకించుకుంటా అన్న్యాడు. నీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్న్యాడు."

ముబశ్శిరా ఫోన్ పెట్టేసింది. ఎక్కడ తప్పు జరిగిందో వెతుక్కోవడానికి బుర్ర ఒక్కసారిగా పరుగులు పెట్టింది. మాత్రలు ఇచ్చి ఉండాల్సిందా? ఎక్కడైనా గార మిగిలిపోయిందా? ఆ తొమ్మిది పన్నే అయి ఉంటుంది. ఎడమవైపేనంటే అదే. తీసేయాలని తెలిసీ ఉంచిన పన్ను. దాని మూలంగా ఇప్పుడు అన్నీ పోతాయి. గుక్క తిప్పుకోకుండా వాణికి నాలుగు మాటలు చెప్పి, కూర్చున్నవాళ్ళకు క్షమించమని చెప్పి, మెట్లు దిగి ఆటో ఎక్కింది.

బస్టాండులో ఆళ్లగడ్డ బస్సు ఇంకా రాలేదు. మామకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. అంతకుముందు బస్సులోనే వచ్చి ఆయన దిగి వెళ్ళిపోయాడేమో, బైపాస్ దగ్గరే దిగిపోయాడేమో. వచ్చిన ప్రతి బస్సు ముందుకూ పోయి, దిగేవాళ్ళ మొహాలు చూస్తూ నిలబడింది. కండక్టర్ ఎవరో ఏ ఊరికి పోవాలమ్మా అని అడిగితే ఎటూ కాదని చెప్పింది.

మూడో బస్సులోంచి ఖలందర్ దిగాడు. మూతికి చేతి రుమాలు అడ్డం పెట్టుకుని, తల వంచుకుని. ఆమెను చూడగానే బస్సు వెనక్కి తప్పుకోబోయాడు. ముబశ్శిరా పోయి ఆయన మోచెయ్యి పట్టుకుంది. చెయ్యి కాలిపోతోంది.

"నా కాడికి ఎందుకు రాల్యా మామా?"

ఖలందర్ రుమాలు తీయకుండానే మాట్లాడాడు. "నీ చేత్తో పీకాల్సి వస్తే నువ్వు ఓడిపోయినట్ల అవుతాదని. వేరేవాళ్ళు పీకితే, మా మామ మాట వినల్యా, అందుకే పోయినాయి అని నువ్వు చెప్పుకోవచ్చు."

ముబశ్శిరా ఆయన్ను ఆటోలో కూర్చోబెట్టింది. క్లినిక్ చేరేదాకా మోచెయ్యి వదల్లేదు.

ఆ తొమ్మిది పన్నే. చిగురు కింద చీము గడ్డ కట్టింది. ఆ రోజు షుగరు చూసి, మత్తిచ్చి, ఈసారి వెనకాడకుండా ముబశ్శిరా ఆ పంటిని తీసేసింది. లాగనక్కర లేకుండానే వచ్చింది. చీమంతా కారిపోయింది. జ్వరం ఉంది కాబట్టి ఇప్పుడు మాత్రలు రాసింది. అప్పుడు ఆయన పక్కన కూర్చుని, ఈ పన్ను మొదటిరోజే తీసేయాల్సిందని, చెయ్యి రాక ఉంచానని, ఈ నొప్పంతా తన వల్లేనని చెప్పింది.

ఖలందర్ నోట్లో దూది కరిచిపట్టుకుని ఉన్నాడు. మాట్లాడలేక, చేత్తో ఆమె నెత్తి మీద ఒకసారి తట్టి, మిగతా ముందరి పళ్ళ వైపు వేలు చూపించి, కనుబొమ్మలెత్తి అడిగాడు. అవి ఉన్నాయా? ఉన్నాయని చెప్పింది. పక్కపళ్ళ దగ్గర చీము లేదు. అంతమాత్రం చెప్పగలిగింది.

వాపు పూర్తిగా తగ్గాక మళ్ళీ పిలిపించింది. తీసిన పంటిని పారేయలేదు. వేరు కోసేసి, పై భాగాన్ని శుభ్రం చేసి, అడుగున నున్నగా నింపింది. ముందరి పళ్ళ లోపలివైపు సన్నటి గాజునార పట్టీ అతికించి, వాటన్నిటినీ ఒకదానికొకటి జత కట్టింది. ఆ ఖాళీలో ఆయన సొంత పన్నునే అదే పట్టీకి అంటించింది. అద్దం చేతికిస్తే ఖలందర్ చాలాసేపు చూసుకున్నాడు. తన పన్నే తన నోట్లో అరువు పన్నులా ఉందన్నాడు. ఆ పట్టీ ఎన్నాళ్ళుంటుందని సర్దార్‌బీ అడిగింది. కొందరికి ఏళ్ళు ఉంటుందని, కొందరికి ఊడొస్తుందని, ఊడితే మళ్ళీ అతికించవచ్చని ముబశ్శిరా చెప్పింది. క్లారినెట్ ఆనిస్తే ఏమవుతుందో తనకు తెలియదని కూడా చెప్పింది.

మూడు నెలలు నిండి కొలిచే రోజు వచ్చింది. ఆ ఉదయం ముబశ్శిరా టిఫిన్ తినలేకపోయింది. కడ్డీ చేతిలోకి తీసుకుని వెనక దవడ నుంచి మొదలుపెట్టింది. మూడు. నాలుగు. మూడు. వాణి ఎక్కించుకుంటూ పోతోంది. కుడివైపు చివరి దవడ పన్ను దగ్గర కడ్డీ ఆరు దాకా దిగి నెత్తురు వచ్చింది. అక్కడ చిగురు కోసి తెరిచి శుభ్రం చేయాల్సి రావచ్చు. ముందరికి వచ్చింది. మొన్న ఏడు దిగిన చోట నాలుగు దగ్గర ఆగింది. ఇంకాస్త తోస్తే దిగుతుందేమోనని భయపడి, తోసేంత బలం పెట్టకూడదని గుర్తు తెచ్చుకుని, పక్కకు జరిగింది. అక్కడా నాలుగే. నెత్తురు లేదు. రెండోసారి కొలిచింది. నాలుగే.

"ఏందీ పాపా, మాట్లాడవు?" అన్నాడు ఖలందర్, నోట్లో కడ్డీ ఉండగానే.

"పట్టుకున్నాయి మామా. అన్నీ కాదు. ముందరివి పట్టుకున్నాయి."

మూడు నెలల షుగరు కూడా తొమ్మిది నుంచి ఎనిమిదికి దిగింది. సర్దార్‌బీ అది కూడా మేనకోడలి చలవేనని మురిసిపోతుంటే ముబశ్శిరా ఆపింది. బీడీ మానడం, మాత్రలు తప్పకుండా వేసుకోవడం, అన్నం తగ్గించడం అన్నీ ఒకేసారి జరిగాయి. చిగుళ్ళ వాటా అందులో ఎంతో ఎవరూ విడదీసి చెప్పలేరు. సాయంత్రం అరుణకుమారి మేడంకు ఫోన్ చేసి అంకెలన్నీ చెప్పింది. ఆ దవడ పన్ను మర్చిపోకు, ఈ జబ్బు పోదు, అణిగి ఉంటుంది, మూడు నెలలకోసారి చూస్తూనే ఉండాలి అంది మేడం. ముబశ్శిరా మెచ్చుకోలు కోసం ఫోన్ చేయలేదు. అయినా పెట్టేశాక కొంచెం చిన్నబుచ్చుకుంది.

సుందరరాజు కొడుకు అజయ్ కుమార్ పెళ్ళి ఆళ్లగడ్డ చర్చిలో. పెళ్ళికూతురు కీర్తన టీచరు. సొంత కొడుకు పెళ్ళికి సుందరరాజు తన బ్యాండు ముందు తానే అతిథిలా నడవాలి. క్లారినెట్ ఖలందరే వాయించాలని పట్టుబట్టాడు. ఒప్పుకున్నట్టు మామ ఫోన్‌లో చెప్పినప్పటి నుంచీ ముబశ్శిరా మనసు మనసులో లేదు. ఇంట్లో ఊది చూశావా అని అడిగితే, చూస్తాండాలే అని మాట దాటేశాడు.

పదిన్నర ఎండలో చర్చి గేటు దగ్గర బ్యాండు నిలబడింది. ఎర్ర కోటులో ఖలందర్ చిక్కిపోయి కనపడ్డాడు. ట్రంపెట్ ఫ్రాన్సిస్ ఆయన చెవిలో ఏదో చెప్పాడు. ఏసయ్య డ్రమ్ము మీద దరువు మొదలుపెట్టాడు. ముబశ్శిరా జనంలోంచి తోసుకుంటూ ముందుకు పోయి, మామ నోరు కనపడేచోట నిలబడింది.

ఆయన మౌత్‌పీస్‌ను పళ్ళకు ఆనించలేదు. కింది పెదవిలాగే పై పెదవిని కూడా పళ్ళ మీదికి లోపలికి మడిచి, రెండు పెదవుల మధ్య క్లారినెట్‌ను పట్టుకున్నాడు. పాతకాలం వాళ్ళు కొందరు అలాగే ఊదేవాళ్ళట. నెల రోజులుగా ఇంట్లో తలుపేసుకుని అదే నేర్చుకుంటున్నాడని, పెదవి లోపల పుండ్లు పడి మానాయని అత్త తర్వాత చెప్పింది. మొదటి స్వరం వణికింది. రెండోది కూడా వణికింది. ఆ శ్రమకు ఆయన బుగ్గలు అదిరాయి. ముబశ్శిరా రెండు చేతులూ పిడికిళ్ళు బిగించింది. తర్వాత పాట నిలదొక్కుకుంది. పాత గొంతు కాదది. కొంచెం సన్నగా, మెత్తగా ఉంది. జనానికి ఆ తేడా తెలియలేదు. పెళ్ళికొడుకు ముందర ఎగురుతున్నవాళ్ళు ఆగకుండా ఎగిరారు.

పాట చివర పై స్వరం వచ్చేచోట ఖలందర్ క్లారినెట్ దించేశాడు. ఆ స్వరం ఫ్రాన్సిస్ ట్రంపెట్‌లో ఎత్తాడు. ముందే అనుకున్నారో, అప్పటికప్పుడు మామ భయపడ్డాడో ముబశ్శిరాకు తెలియలేదు. అడగలేదు కూడా. రెండో పాటలోనూ అలాగే చేశాడు. మూడో పాటకు పక్కకు వచ్చి నీళ్ళు తాగి, రుమాలుతో మూతి తుడుచుకున్నాడు. రుమాలు మీద నెత్తురుందేమోనని ఆమె చూసింది. లేదు.

భోజనాల దగ్గర షామియానా కింద మామ పక్కనే కూర్చుంది. ఆయన మాంసం ముక్కను వేళ్ళతో చీల్చుకుని, ఎడమ దవడకు పెట్టుకుని మెల్లగా నములుతున్నాడు. ముబశ్శిరా కళ్ళు ఆయన నోటి మీదే ఉన్నాయి. వచ్చే వారం నంద్యాల రావాలని, ఆ కుడివైపు దవడ పన్ను సంగతి తేల్చాలని గుర్తుచేసింది.

"వస్తాలే," అన్నాడు ఖలందర్. "అట్ల నోట్లోకి చూడొద్దు పాపా, ముద్ద దిగడం ల్యా."

సర్దార్‌బీ నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. పెదవి దాచుకోలేదు. ముబశ్శిరా తలవంచుకుని తన విస్తరిలో అన్నం కలుపుకుంది కానీ, మధ్యమధ్యలో ఓరగా చూడకుండా ఉండలేకపోయింది.